మీటరు మాట వేదవాక్కు కాదు

ఓమ్ నియమం ప్రయోగం చేశారనుకోండి. నిరోధం 10 ఓములు రావాలి. మీకు 11.5 వచ్చింది. అప్పుడేం చేస్తారు? చాలామంది రబ్బరు తీసుకుని రీడింగులు చెరిపి, 10 వచ్చేట్టు దిద్దేస్తారు. తప్పు విద్యార్థిదేనని అందరూ ముందే తీర్మానించుకుంటారు. మీటరును మాత్రం ఎవరూ అనుమానించరు!

సంతలో తూకపు రాళ్ళకు కూడా తనిఖీ ఉంది. తూనికలు కొలతల శాఖవారు వాటిని పరీక్షించి ముద్ర వేస్తారు. మరి ప్రయోగశాల బీరువాలో ఏళ్ళ తరబడి ఉన్న వోల్ట్ మీటరుకు, అమ్మీటరుకు పరీక్ష అక్కరలేదా? తప్పక కావాలని నా అభిప్రాయం.

మీటరులో ముల్లును వెనక్కి లాగే సన్నని స్ప్రింగు ఉంటుంది. కాలం గడిచేకొద్దీ దాని బిగువు మారవచ్చు. అయస్కాంతం బలం తగ్గవచ్చు. కింద పడితే ముల్లు వంగవచ్చు. డిజిటల్ మల్టీమీటరుకు ముల్లు లేదు గాని, దాని బాటరీ నీరసిస్తే అదీ తప్పు అంకెలు చూపగలదు.

కొత్త మీటరులోనూ కొంత తేడా ఉంటుంది. దాని ముఖం మీద తరగతి 2.5 అని ఉంటే, పూర్తి స్కేలులో 2.5 శాతం వరకు తేడా రావచ్చని అర్థం. 10 వోల్టుల మీటరులో అది 0.25 వోల్టు. 9 వోల్టులు కొలిచినప్పుడు ఈ తేడా 3 శాతం లోపే. అదే మీటరుతో 1.5 వోల్టుల సెల్‌ను కొలిస్తే సుమారు 17 శాతం!

తనిఖీ కష్టమేమీ కాదు. మీటరును దేనికీ కలపకుండా, ముల్లు సున్న మీద ఉందో లేదో చూడండి. తరువాత ఒకే సెల్‌కు రెండు వోల్ట్ మీటర్లను సమాంతరంగా కలపండి. అమ్మీటర్లనైతే ఒకే వలయంలో శ్రేణిలో కలపాలి. రెండింటి మాటా ఒకటేనా? కాకపోతే మూడో మీటరును తీర్పరిగా పెట్టండి. ఇదంతా సెల్స్‌తోనే సుమా! ఇంటి కరెంటు జోలికి పోవద్దు.

మూడూ కలిసి తప్పు చెబితే? అందుకే ప్రతి మీటరుకూ పైన మరింత నమ్మకమైన మీటరు ఉండాలి. మన దేశంలో ఆ వరుస ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబరేటరీ దాకా పోతుంది. ఒకప్పుడు వోల్టుకు ప్రమాణం వెస్టన్ సెల్. 1990 నుండి ప్రపంచమంతటా జోసెఫ్సన్ ఫలితాన్ని ఆధారంగా తీసుకుంటున్నారు. బ్రయాన్ జోసెఫ్సన్ 1962లో దీన్ని ఊహించి చెప్పినప్పుడు ఆయన వయస్సు 22 ఏళ్ళే.

ఇది మార్కుల సంగతి మాత్రమే కాదు. “కరెంటు లేదు” అన్న టెస్టరు మాట నమ్మి ఎలక్ట్రీషియను తీగ ముట్టుకుంటాడు. టెస్టరే పాడైతే? అందుకే జాగ్రత్త తెలిసిన పనివాడు ముందుగా కరెంటు ఉన్నచోట టెస్టరును పరీక్షిస్తాడు. ఆ తరువాత పని చేయవలసిన తీగను చూస్తాడు. ఈలోగా టెస్టరు పాడైపోలేదు కదా అని మళ్ళీ కరెంటు ఉన్నచోట చూస్తాడు. అప్పుడుగాని తీగ మీద చెయ్యి వేయడు.

మీ బడిలో ప్రతి మీటరుకూ ఒక చీటీ అంటించమని మీ సైన్సు మాస్టారిని అడగండి. తనిఖీ చేసిన తేదీ, కనిపించిన తేడా దాని మీద ఉండాలి. 11.5 వస్తే 11.5 అనే రాయండి, మీటరు తేడా పక్కన రాయండి. దిద్దిన 10 కంటె ఆ 11.5లోనే సైన్సు ఎక్కువ ఉంది.