ఆముదపాకుకి ఇంటూ మార్కు

మా చెల్లెలి కూతురికి నాలుగేళ్లు. తంబళ్లపల్లెలో ఎల్.కె.జి. చదువుతోంది. పోయిన దసరా సెలవులకి ముందు నేను వాళ్లింటికి వెళ్లిననాడే, దాని పుస్తకాల సంచిలోంచి ఒక జిరాక్సు కాగితం బయటపడింది. కొనలు కొనలుగా ఉన్న ఆకు బొమ్మ. పైన ‘ఆటమ్’ అని ఇంగ్లీషు అక్షరాలు. ఆకు నిండా నారింజరంగు వెయ్యాలి, గీత దాటకూడదు. అదీ హోంవర్కు!

“పెద్దమ్మా, ఈ ఆకు యాడుంది?” అని అడిగింది పిల్ల.

ఏం చెప్పను? అది మేపుల్ ఆకు. కెనడావాళ్లు 1965లో తమ జెండా మీద పెట్టుకున్న ఆకు. మల్లయ్యకొండ చుట్టూ ఎంత గాలించినా దొరకదు. పిల్ల ఊరుకుందా? చేని గట్టుకి పరిగెత్తి ఓ ఆముదపాకు తెంపుకొచ్చింది. “ఇదే గదా!” అంటూ దాన్ని కాగితం కింద పెట్టి ఆకుపచ్చ క్రేయాన్‌తో రుద్దింది. ఈనెలన్నీ ఒక్కొక్కటే తేలి వచ్చాయి. అప్పుడు దాని ముఖం చూడాలి!

మర్నాడు ఆ కాగితం ఎర్రసిరా ఇంటూ మార్కుతో తిరిగొచ్చింది. రాత్రికి మా చెల్లెలు కూర్చుని కొత్త కాగితానికి నారింజరంగు వేసింది. దాచడమెందుకు, నేనూ ఓ చెయ్యి వేశాను. మా ఇద్దరి పనితనానికి స్టారు వచ్చింది. ఇప్పుడు పిల్లకి కాగితమిస్తే, “నాకు రాదు పెద్దమ్మా, నువ్వే వెయ్యి” అంటోంది. నాలుగేళ్లకే!

అసలు మన శరత్తులో ఆకులు రాలతాయా? ఆశ్వయుజ కార్తీకాల్లో మన చెట్లు వానకి తడిసి నిండుగా ఉంటాయి. తంగేడు పూస్తుంది. సీతాఫలాలు కళ్లు విచ్చుతాయి. చేలల్లో చెనక్కాయలు పీకుతుంటారు. వేపాకు రాలడానికి శిశిరం రావాలి. చలిదేశాల సంగతి వేరు. అక్కడ పగటిపొద్దు తగ్గి చలి ముదిరేసరికి ఆకులోని పత్రహరితం విరిగిపోతుంది, దాని చాటునున్న పసుపు, నారింజ రంగులు బయటపడతాయి. ఎదురుగా పచ్చని చెట్టుండగా ఆకు నారింజరంగులోనే ఉండాలనడం, నీ కళ్లని నమ్మొద్దని పిల్లకి నేర్పడం కాదూ?

“పిల్లలకి ప్రపంచం తెలియొద్దా?” అంటారు. తెలియాలి. అక్కడి ఆకు అలా, ఇక్కడి ఆకు ఇలా అని కథ చెప్పండి, కళ్లింత చేసుకుని వింటారు. నా తగువు మేపుల్ ఆకుతో కాదు, ఇంటూ మార్కుతో.

పిల్లల చేతికి పని కావాలంటే మన వంటిల్లు చాలదా? బెండకాయ అడ్డంగా కోసి రంగులో ముంచి అద్దితే పువ్వు. పసుపునీళ్లలో మీరు చిటికెడు సున్నం వేసి చూపించండి, ఎర్రగా మారుతుంది. చెనక్కాయ పొట్టు అతికిస్తే తాబేలు. దసరా కొలువు కోసం పళ్లెంలో మట్టి పోసి రాగులు చల్లితే కొద్దిరోజుల్లో పచ్చని పార్కు. ఒక్క జాగ్రత్త: ఆముదపు గింజలు విషం, వాటిని అందనివ్వకండి. చింతగింజల్లాంటివి ముక్కులోనో నోట్లోనో పెట్టుకుంటారు, దగ్గరుండండి.

ఇది నేను కనిపెట్టిన వింత కాదు. మేడమ్ మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి మన టీచర్లకి శిక్షణ ఇచ్చింది. పిల్లల చేతులకి పనివ్వాలన్నదే ఆవిడ పద్ధతి. అంత దూరం దేనికి? మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు, పల్లె బడి పిల్లలు ఎవరి వేగాన వాళ్లు నేర్చుకునేలా కార్డుల మీద పాఠాలు తయారుచేశారు. ఆ పద్ధతి ఇతర రాష్ట్రాల బడులకీ వెళ్లింది. పక్కింటి దీపం మనకి కనబడదేం?

టీచరమ్మని తిట్టి లాభం లేదు. గదినిండా పిల్లల్ని పెట్టుకుని ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? ఒకే రకం, ఒకే రంగు, వాట్సాప్‌లో పెట్టుకోడానికి పొందిగ్గా ఉండాలని అడిగేది మనమే. పిల్ల వేసిన వంకర గీత చూసి నామోషీ పడేదీ మనమే. తల్లులు బొమ్మలు వేస్తుంటే పిల్లలు చూస్తూ కూర్చుంటున్నారు. ఇది ఎవరి చదువు?

ఈసారి ఆ కాగితం వస్తే నేను క్రేయాన్ ముట్టను. మీరూ ముట్టకండి. గీత దాటితే దాటనివ్వండి. స్టారు రాకపోతే పోయె! “నాకు రాదు” అన్న మాట పిల్ల నోట రాకపోతే అదే పదివేలు.