మాటకు శిక్ష, తిండి మీద కోత

విశ్వవిద్యాలయంలో ఒక దళిత విద్యార్థి నోరు మూయించడానికి పోలీసు కేసు అక్కర్లేదు. ఫెలోషిప్ ఆపి, హాస్టల్ గది ఖాళీ చేయిస్తే చాలు. దానికి వాళ్లు పెట్టిన పేరు 'క్రమశిక్షణ'.

ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ (టిస్) 2024 ఏప్రిల్‌లో రామదాస్ ప్రిని శివానందన్‌ను రెండేళ్లు సస్పెండ్ చేసింది. ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేస్తున్న దళిత పరిశోధకుడాయన. ఢిల్లీలో కేంద్రం విధానాలకు వ్యతిరేకంగా జరిగిన పార్లమెంటు మార్చ్‌లో నడవడం, 'రామ్ కే నామ్' డాక్యుమెంటరీ చూడమని పిలుపునివ్వడం ఆయన మీద మోపిన నేరాల్లో ఉన్నాయి. ఆ డాక్యుమెంటరీకి జాతీయ అవార్డు వచ్చింది, దూరదర్శన్‌లోనూ ప్రసారమైంది. 2025 మార్చిలో బాంబే హైకోర్టు ఆయన పిటిషన్ కొట్టేసింది. మే నెలలో సుప్రీంకోర్టు సస్పెన్షన్‌ను అప్పటిదాకా గడిచిన కాలానికి కుదించి, చదువుకోనిచ్చింది. తలుపు తెరుచుకుంది కానీ పోయిన ఏడాది తిరిగి రాలేదు.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. 2015లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం రోహిత్ వేములతో సహా ఐదుగురు దళిత పరిశోధకులను హాస్టళ్ల నుంచి, విద్యార్థి ఎన్నికల నుంచి బయట పెట్టింది. వాళ్లు గుడారం వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న చనిపోయేనాటికి రోహిత్‌కు ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉంది.

ఉద్యోగాల్లోనూ ఇదే తీరు. ప్రభుత్వ ఉద్యోగంలో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని సుప్రీంకోర్టు 1962లోనే కామేశ్వర్ ప్రసాద్ కేసులో చెప్పింది. పర్మినెంట్ ఉద్యోగిని తీసేయాలంటే 311వ అధికరణ ప్రకారం విచారణ జరపాలి. మున్సిపాలిటీల్లో చెత్త ఎత్తే అవుట్‌సోర్సింగ్ కార్మికులకు ఆ రక్షణ లేదు. వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. జీతం అడిగితే కాంట్రాక్టర్ 'రేపట్నుంచి రావద్దు' అంటాడు, అంతే.

పంతొమ్మిదో అధికరణ అందరిదీ. కానీ మాట్లాడాక ఆరు నెలలు ఎలా బతకాలన్న ప్రశ్న అందరిదీ కాదు. ఇంట్లో ఆస్తి ఉన్నవాడికి సస్పెన్షన్ అంటే విరామం; ఫెలోషిప్‌లోంచి ఇంటికి డబ్బు పంపేవాడికి అది ఆకలి. అందుకే మన డిమాండ్ వాక్ స్వేచ్ఛ అన్న మాట దగ్గరే ఆగకూడదు. విచారణ, అప్పీలు ముగిసేదాకా ఫెలోషిప్, హాస్టల్, జీతం ఆపకూడదు. ఆరోపణలు రాతపూర్వకంగా ఇవ్వాలి. విచారణ కమిటీలో బయటి ఎస్సీ, ఎస్టీ సభ్యులుండాలి. తిండికి భద్రత ఉన్నప్పుడే మాటకు స్వేచ్ఛ ఉంటుంది.