ఏం సాధించిందట?

"అన్నేళ్ళు ఆడి చివరికి ఏం సాధించిందండీ?" ఈ ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మండుకొస్తుంది. అడిగేది మగవాళ్ళే అనుకునేరు! మనమూ తక్కువేం కాదు. నలుగురు ఆడవాళ్ళం చేరినచోట, కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని మరీ అడుగుతాం.

2025 నవంబరు 2న మన అమ్మాయిలు నవీ ముంబైలో ప్రపంచకప్పు గెలిచారు. కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఎడమచేతి స్పిన్‌తో ఆ పోటీల్లో 14 వికెట్లు తీసింది. రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర కోట్లు, ఇంటిస్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. అదే నెలలో కొలంబోలో అంధ మహిళల తొలి టీ20 ప్రపంచకప్పు గెలిచిన జట్టులో మా పాడేరు ప్రాంతపు పాంగి కరుణకుమారి ఉంది. ఇక చూస్కోండి, పెదబయలు సంతలో పసుపు బేరమాడుతూ కూడా క్రికెట్టు కబుర్లే! సంతోషమే, ఎవరు కాదన్నారు? కానీ ఆ సంతోషం వెనకాలే ఇంకో మాట వినబడుతోంది. "మన పిల్ల అంతదవుతుందా? అవకపోతే ఆ ఆట ఎందుకూ, దండగ!"

అవకపోతే దండగా? అయితే గౌహర్ సుల్తానా సంగతి చెప్పాలి మీకు.

ఈవిడా ఎడమచేతి స్పిన్నరే. మన హైదరాబాదు అమ్మాయి. 2008లో భారత జట్టులోకి వచ్చింది. 50 వన్డేల్లో 66 వికెట్లు, 37 టీ20ల్లో 29 వికెట్లు తీసింది. 2014 తరవాత జాతీయ జట్టు పిలవలేదు. అప్పటికి ఆవిడ వయసు 26. మరొకరైతే బంతి అటకెక్కించేవారు. ఈవిడ ఆడుతూనే ఉంది. హైదరాబాదు, రైల్వేస్, బెంగాల్, పుదుచ్చేరి – ఎక్కడ బౌలరు కావాలంటే అక్కడ! 2023 డిసెంబరు వేలంలో యూపీ వారియర్జ్ 30 లక్షలకు తీసుకుంటే, 35 దాటిన వయసులో మహిళల ప్రీమియర్ లీగ్ ఆడింది. 2025 ఆగస్టులో ఆట విరమించింది. ఇది ఓడిపోయిన జీవితమా? నిక్షేపమైన పనిమంతురాలి జీవితం!

మగవాళ్ళలోనూ ఉన్నారు లెండి. హైదరాబాదు ఆఫ్ స్పిన్నర్ కన్వల్‌జిత్ సింగ్ 1999–2000 రంజీ సీజనులో, నలభై దాటిన వయసులో, 62 వికెట్లు తీశాడు. భారత జట్టుకి ఒక్క మ్యాచీ ఆడలేదు. ఆయన్నీ అడుగుతామా, ఏం సాధించావని?

అమెరికాలో బేస్‌బాల్ అని ఒక ఆట ఉంది. అందులో బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. ఊరూరా జట్లు మారుతూ బతికే ఆటగాడికి వాళ్ళు 'జర్నీమన్' అని పేరు పెట్టారు. ఆ మాటకి మొదట్లో అర్థం ఏమిటో తెలుసా? పని నేర్చి, రోజుకింత అని పుచ్చుకునే పనివాడు. అంటే మన రోజుకూలి! ఎడ్విన్ జాక్సన్ అనే పిచ్చర్ ఏకంగా 14 జట్లకి ఆడాడు. అదొక రికార్డు. అతన్ని చూసి అక్కడ నవ్వుతారేమో గాని, పస్తు పెట్టరు. ఎందుకంటే అక్కడి ఆటగాళ్ళకి గట్టి సంఘం ఉంది. పెద్ద లీగులో 43 రోజులు జట్టులో ఉంటే చాలు, కొంత పింఛను హక్కు వస్తుంది. 1980 ఒప్పందంలో వాళ్ళు పట్టుబట్టి సాధించుకున్నది అది. నలభైమూడు రోజులు, తల్లీ! ప్రపంచకప్పు గెలవమన్లేదు.

మరి మన దగ్గరో? దేశవాళీ వన్డేల్లో తుదిజట్టులో ఆడిన సీనియర్ అమ్మాయికి 2025 డిసెంబరు దాకా రోజుకి 20 వేలు. ఇప్పుడు 50 వేలు చేశారు. మంచిదే, చప్పట్లు కొడదాం. అయితే అదీ రోజుకూలే! ఏడాదిలో ఆడే రోజులు ఎన్నని? బెంచీ మీద కూర్చుంటే సగం. భుజం పట్టేసి ఇంట్లో కూర్చుంటే? 2024–25లో బోర్డు ఏడాది కాంట్రాక్టు ఇచ్చినది మొత్తం 16 మంది ఆడవాళ్ళకి. మిగతావాళ్ళు ఏం తినాలి? 2019లో పుట్టిన ఆటగాళ్ళ సంఘమేమో ఆట మానేసినవాళ్ళకే. ఆడుతున్నవాళ్ళ తరఫున అడిగే దిక్కేదీ?

2006లో బోర్డు మహిళా క్రికెట్టుని తనలో కలుపుకోక ముందు నుంచీ, మన అమ్మాయిలకి కూడు పెట్టింది రైల్వే ఉద్యోగాలు. కప్పు తెచ్చాక ఇచ్చిన బహుమతి కాదది, ఆడుతుండగా చేతికొచ్చే జీతం. ఆ రెంటికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా!

"ఇష్టపడి ఆడుతున్నారు కదా, జీతాలెందుకూ" అనేవాళ్ళున్నారు. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? "ఆవిడకి వంటంటే ఇష్టం" అని చెప్పి మన చాకిరీకి లెక్క కట్టని లోకమే ఇది. ఇష్టమన్నది మన సొత్తు, దాన్ని చూపించి కూలి ఎగ్గొట్టడం ఎదుటివాడి తెలివి.

మా ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల్లో కొండ ఎక్కి దిగిన కాళ్ళూ, కట్టెలు మోసిన భుజాలూ ఉన్న పిల్లలు ఎందరో. వాళ్ళలో శ్రీచరణి అయ్యేది ఒక్కర్తే కావచ్చు. గౌహర్‌లా పదిహేనేళ్ళు పని చేసుకు బతకగలిగేది పదిమంది. ఆ పదిమందికీ నెల జీతం, దెబ్బ తగిలితే వైద్యం, ఆడిన రోజుల లెక్కన పింఛను ఉండాలి. కోట్ల బహుమతులు ప్రకటించే పెద్దలకి ఇదేం భారం?

ఈసారి ఎవరైనా "ఏం సాధించిందట?" అంటే ఊరుకోకండి. ఎన్నేళ్ళు ఆడిందో, రోజుకెంత ఇచ్చారో, జబ్బ జారితే ఎవరు చూశారో ఎదురడగండి. జవాబు చెప్పాల్సింది బంతి వేసిన పిల్ల కాదు.