విమానంలో ఎంతసేపు? కుర్చీలో ఎంతసేపు?

ప్రశ్న: మా అమ్మగారికి 64 ఏళ్ళు. మోకాలి కీలు మార్పిడి ఆపరేషను జరిగి నాలుగు వారాలయింది. న్యూయార్క్‌లో ఉన్న మా చెల్లెలికి తొలికాన్పు దగ్గరపడింది. రాజమండ్రి నుంచి హైదరాబాదు విమానంలో గంటంపావేనట. అక్కడినుంచి దుబాయి మీదుగా వెళ్ళాలి. "కూర్చుని వెళ్ళేదే కదా, శ్రమేముంది?" అంటున్నారు అమ్మ. పంపవచ్చునా?
- ఒక పాఠకుడు, జొన్నాడ

జవాబు: ఆ కూర్చోవడంతోనే వచ్చింది చిక్కు. రాజమండ్రి, హైదరాబాదు విమానాశ్రయాల మధ్య తిన్నగా కొలిస్తే సుమారు 360 కిలోమీటర్లు. అంతవరకే అయితే పెద్దగా భయం లేదు. కాని అక్కడినుంచి దుబాయికి నాలుగు గంటలు, దుబాయి నుంచి న్యూయార్క్‌కు దాదాపు 14 గంటలు. జొన్నాడ నుంచి మధురపూడికి కారులో గంట పైచిలుకు, విమానాశ్రయాలలో పడిగాపులు కలిపితే ఒక రోజు దాటిపోతుంది.

నడిచేటప్పుడు పిక్కల కండరాలు బిగిసి వదులుతూ కాళ్ళలోని రక్తాన్ని పైకి నెడతాయి. గంటల తరబడి కదలకపోతే, కట్టేసిన కాలువలో నాచు పట్టినట్లు, లోతు సిరలలో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. నాలుగు గంటలు మించిన ప్రయాణాలలో ఈ ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించింది. ఆరోగ్యవంతులకు అప్పటికీ అది 6,000 మందిలో ఒకరికే. మోకాలి ఆపరేషను అయిన కొత్తలో మాత్రం ఆ ధైర్యం పనికిరాదు. అందుచేత దూర విమాన ప్రయాణాన్ని మూడు నెలలు వాయిదా వెయ్యమనే సాధారణంగా చెబుతాము. ఆపరేషను చేసిన డాక్టరుగారిని అడగకుండా టిక్కెట్టు కొనకండి.

తరువాత వెళ్ళేటప్పుడు ఈ జాగ్రత్తలు పాటించండి:

1. నడవ పక్క సీటు అడగండి. గంటకో రెండు గంటలకో ఒకసారి లేచి నాలుగడుగులు వెయ్యాలి. కూర్చున్నప్పుడు మడమలు, మునివేళ్ళు మార్చి మార్చి ఎత్తుతుండాలి.
2. మంచినీళ్ళు తరచు తాగాలి. నిద్రమాత్రలు వద్దు.
3. బిగుతు మేజోళ్ళు డాక్టరు కొలత చూసి ఇచ్చినవే వాడాలి. ఆస్పిరిన్ సొంతంగా మింగరాదు.
4. రోజూ వేసుకునే మాత్రలు చేతిసంచిలోనే ఉంచాలి.

ప్రయాణంలోగాని, దిగిన తరువాత కొన్ని వారాలలోగాని ఒక పిక్క వాచి, నొప్పి, వేడి కనిపిస్తే దానిని వాతం నొప్పి అనుకుని తైలం రాసి మర్దనా చెయ్యకండి. గడ్డ కదిలే ప్రమాదం ఉంది. గల్ఫ్ నుంచి వచ్చినవారి కాళ్ళకు ఇంట్లోవాళ్ళు ప్రేమతో తైలం పట్టించడం మన కోనసీమలో నేను చూశాను. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఆయాసం, గుండెలో నొప్పి, కళ్ళెలో రక్తం కనిపిస్తే క్షణం ఆలస్యం చెయ్యరాదు.

రావులపాలెంలో రాత్రి బస్సెక్కి తెల్లవారి హైదరాబాదులో దిగేవారికి కూడా ఈ మాటలు వర్తిస్తాయి.

తొలికాన్పుకు తల్లి దగ్గర ఉండాలనుకోవడం సహజమే. కాని ఈసారికి అత్తగారో పిన్నిగారో ముందు వెళ్ళడం మంచిది. అమ్మగారు బారసాలకు అందకపోయినా, అన్నప్రాశన నాటికి తన కాళ్ళ మీద నడిచివెళ్ళి మనుమడినో మనుమరాలినో ఎత్తుకుంటారు.