కుట్లు మనవి, తీర్పు ఎవరిది?

మా అమ్మాయి పుట్టిన ఐదో వారంలో దానికి జ్వరం వచ్చింది. పదకొండేళ్ల కిందటి మాట. నాది సిజేరియన్ కాన్పు. రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో ఉన్నది నేనూ, మా అత్తగారూ. వాకిట్లో కారుంది. నాకు అప్పటికే పన్నెండేళ్లుగా లైసెన్సుంది. అయినా తాళాలు నా చేతికి రాలేదు. "పచ్చి బాలింతవి, కుట్లు పిగిలితే ఎవరిది పూచీ? ఏమన్నా అయితే ఇన్సూరెన్సు కూడా రాదట" అన్నారావిడ. చివరికి ఆటో పిలిచి, బిడ్డను ఒళ్లో పెట్టుకుని గుంతల రోడ్డు మీద ఎగిరెగిరి పడుతూ ఆసుపత్రికి వెళ్లాం. ఆ కుదుపులకు కుట్లు అడ్డం రాలేదు. స్టీరింగుకే అడ్డం వచ్చాయి!

మా అత్తగారు నా మంచి కోరే అన్నారు. ఆవిడతో నాకు తగువు లేదు. నా తగువంతా ఆ 'రాదట'తోనే. మర్నాడు బీమా కంపెనీకి ఫోన్ చేస్తే "డాక్టరునడగండి మేడం" అన్నారు. డాక్టరమ్మనడిగితే "అది ఇన్సూరెన్సు వాళ్లు చెప్పాలి" అన్నారు. నా డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లున్నాయి, బిల్లు మొత్తం ఉంది. బండి ఎప్పుడు నడపవచ్చో ఒక్క ముక్క లేదు. ఆ తర్వాత ఎంతమంది స్త్రీలను అడిగానో! ఒకరికి నలభై రోజులని, మరొకరికి మూడు నెలలని, ఇంకొకరికి ఏడాదని చెప్పారట. ఎవరికీ కాగితం మీద రాసివ్వలేదు.

ఇది కార్లున్న ఇళ్ల ఆడవాళ్ల గొడవేనని కొట్టి పారేయకండి. స్కూటీ మీద బడికీ, ఆఫీసుకూ, సర్వేలకూ తిరిగే మన కార్యకర్తలందరి గొడవ ఇది. 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో ప్రతి 100 కాన్పుల్లో దాదాపు 61 సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81 పైమాటే. ఆంధ్రప్రదేశ్‌లో 42. దేశం మొత్తం మీద 21. ఇంత ధారాళంగా కడుపు కోసే వైద్య వ్యవస్థకు, కోసిన తర్వాత ఆ మనిషి ఎలా బతకాలో నాలుగు వాక్యాలు రాసివ్వడానికి తీరిక లేదా?

చట్టం ఏమంటోందో చూద్దాం. మోటారు వాహనాల చట్టం (1988) ఎక్కడా బాలింతను బండి నడపవద్దనలేదు. మన బండి వల్ల దెబ్బ తిన్నవారికి నష్టపరిహారం ఎగ్గొట్టడానికి కంపెనీ చూపగల కారణాల్లో లైసెన్సు లేకపోవడం, తాగి నడపడం వంటివి ఉన్నాయి. కాన్పు లేదు. 186వ సెక్షను మాత్రం, తన జబ్బు వల్ల గానీ అశక్తత వల్ల గానీ ఇతరులకు ప్రమాదమని తనకు తెలిసి కూడా నడిపితే శిక్ష అంటుంది. 'తనకు తెలిసి' అన్న మాటను గమనించండి. నడిపే మనిషి తెలివిడిని చట్టం గుర్తిస్తోంది. ఆ తెలివిడి మనకుందని మన ఇల్లూ, ఆసుపత్రీ, కంపెనీయే ఒప్పుకోవడం లేదు.

అలాగని నొప్పిని దాచుకుని బండెక్కమని నేననడం లేదు. ఇది పెద్ద ఆపరేషన్. ఉన్నట్టుండి బ్రేకు తొక్కాల్సి వస్తే పొట్ట పట్టేస్తుంది. కొన్ని నొప్పి మందులు మత్తునిస్తాయి. రాత్రంతా నిద్ర లేని కళ్లు రోడ్డు మీద నిలవవు. అందుకే ఆగి ఉన్న కారులో కూర్చుని బ్రేకు గట్టిగా తొక్కి చూసుకోవాలి. వెనక్కి తిరిగి చూడగలమా, బెల్టు కోత మీద ఒరుసుకోకుండా ఉందా అని సరిచూసుకోవాలి. బ్రిటన్‌లో వైద్యుల కోసం 2021లో వెలువడిన నైస్ మార్గదర్శకాలు కూడా వారాల లెక్క చెప్పలేదు. నొప్పీ, కదలికల ఇబ్బందీ పోయి పూర్తిగా కోలుకున్నానని ఆ స్త్రీకి అనిపించినప్పుడు నడపవచ్చన్నాయి. ఒకరికి నాలుగు వారాలు పట్టవచ్చు, ఒకరికి పది.

అసలు భయపడాల్సిన చోటు వేరే ఉంది. ప్రమాదంలో బండి యజమాని చనిపోతే కుటుంబానికి 15 లక్షలిచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా 2018 నుంచి ఉంది. దాని పేరే 'ఓనర్ డ్రైవర్' కవర్. బండి ఎవరి పేర రిజిస్టరై, పాలసీ ఎవరి పేర ఉందో వారికే అది వర్తిస్తుంది. భర్త పేరున ఉన్న కారు భార్య నడుపుతూ చనిపోతే ఆ కవరు కింద పైసా రాదు. కుట్లున్నా రాదు, లేకున్నా రాదు! కుట్ల గురించి ఇంత బెంగపడే కుటుంబాలు కాగితాల మీద ఆమె పేరు లేదని ఏనాడైనా బెంగపడ్డాయా? పైగా ఆ కవరు మినహాయింపుల్లో 'శారీరక లోపం, దుర్బలత' అనే మాటలున్నాయి. నెల రోజుల బాలింత ఆ మాటల కిందికి వస్తుందా, రాదా? ఎవరూ తేల్చరు. తేలని మాట ఎప్పుడూ బలవంతుడికే పనికొస్తుంది.

ఈ నిషేధాలన్నీ మన ఆరోగ్యం కోసమే అయితే అవి నీళ్ల బకెట్టుకూ వర్తించాలి. రెండో వారం నుంచే బాలింత బకెట్లు మోస్తుంది, వంగి ఇల్లు ఊడుస్తుంది. అక్కడ కుట్లు ఎవరికీ గుర్తుకు రావు. గడప దాటించే పనికే గుర్తొస్తాయి. చాకిరీకి గట్టిదైన ఒళ్లు స్వేచ్ఛ దగ్గరికొచ్చేసరికి బలహీనమైపోతుంది. పితృస్వామ్యం ఇంత సుతారంగా కూడా పని చేస్తుంది.

కాబట్టి మనం అడగాల్సినవి మూడు. మళ్లీ బండి ఎలా మొదలుపెట్టాలో ప్రతి ఆసుపత్రీ డిశ్చార్జి కాగితంలో తెలుగులో రాయాలి. కాన్పునూ, సిజేరియన్‌నూ 'దుర్బలత'గా పరిగణించబోమని బీమా నియంత్రణ సంస్థ కంపెనీల చేత స్పష్టంగా రాయించాలి. ప్రమాద బీమా బండి యజమానికే కాక, ఆ ఇంట్లో లైసెన్సు ఉండి నడిపే స్త్రీకీ వర్తించాలి.

అవి వచ్చేదాకా ఒక పని మన చేతిలోనే ఉంది. వచ్చే సమావేశానికి ప్రతి ఒక్కరూ ఇంట్లో ఉన్న పాలసీ కాగితం పట్టుకురండి. కలిసి చదువుదాం. మన పేరు ఎక్కడుందో వెతుకుదాం. లేని చోట చేర్పించుకుందాం.