ఇది పెట్టుబడా, నజరానానా?

మొన్న ఖాలా మనవడు చదువుకని అమెరికా పోతుంటే శంషాబాద్ దాకా వెళ్లాం. ఒక్క పిల్లగాడిని సాగనంపడానికి పద్నాలుగు మందిమి. వీడు చేతికి కట్టిన ఇమామ్ జామిన్ సర్దుకుంటుంటే, ఖాలూ అడిగాడు: "చదువైనాక అక్కడ నౌకరీ దొరుకుతదా బేటా?" ఎవరమూ జవాబు చెప్పలేదు. వాడి అన్న హైటెక్ సిటీలోనే చేస్తాడు. బయటి దేశం నుంచి తెచ్చుకునే కొత్త హెచ్1బీ ఉద్యోగి మీద కంపెనీ లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబరులో ట్రంప్ హుకుం ఇచ్చినప్పుడే ఆశ వదులుకున్నాడు.

ఎయిర్‌పోర్టు దాటి తుక్కుగూడ దగ్గర శ్రీశైలం రోడ్డెక్కితే మీర్‌ఖాన్‌పేట వైపు పోతాం. ఫార్మాసిటీ పేరుతో రైతుల జమీన్ తీసుకున్న ఇలాఖా అది. ఇప్పుడు భారత్ ఫ్యూచర్ సిటీ. 2025 డిసెంబరు 8న అక్కడి గ్లోబల్ సమ్మిట్‌లో ట్రంప్ మీడియా కంపెనీ డైరెక్టర్ ఎరిక్ స్వైడర్ పదేళ్లలో లక్ష కోట్లు పెడతామన్నాడు. చప్పట్లు మోగాయి. ఆ రోజుల్లోనే అమెరికా కాన్సులేట్ పక్క రోడ్డుకు ట్రంప్ పేరు పెడదామని మన సర్కారు ప్రతిపాదించింది. అప్పటికి మన సరుకు మీద ఆయన వేసిన సుంకం 50 శాతం!

హిసాబ్ చూడండి. 2024లో ఆ కంపెనీ ఏడాది రాబడి 36 లక్షల డాలర్లు. మన లెక్కన దాదాపు 30 కోట్ల రూపాయలు. నష్టం 40 కోట్ల డాలర్లు. తర్వాత బిట్‌కాయిన్ కొనడానికని మార్కెట్లో డబ్బు సమీకరించింది నిజమే, అదీ లక్ష కోట్లకు చాలా దూరం. మరి ఆ లక్ష కోట్లు ఎక్కడివి?

అందులో అతిపెద్ద వాటా ట్రంప్‌దే. ట్రస్టులో పెట్టాడు, దాని ముతవల్లీ మాత్రం కన్నకొడుకే. జిమ్మీ కార్టర్ అధ్యక్షుడైనప్పుడు తన వేరుశనగ వ్యాపారాన్ని బయటివాడి చేతిలో పెట్టాడు. అలా పెట్టి తీరాలని కానూన్ లేదు. సొంత లాభమున్న ఫైలు ముట్టకూడదనే అమెరికా చట్టం కింది అధికారులకే, అధ్యక్షుడికి వర్తించదు.

జకాత్ వసూలుకు వెళ్లొచ్చిన ఒకాయన, ఇది మీది, ఇది నాకొచ్చిన హదియా అన్నప్పుడు మన రసూల్ (స) వేసిన సవాల్ మదర్సా పిల్లలకూ తెలుసు. అమ్మానాన్నల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ హదియా వచ్చేదా అని. అదే అడగండి. ట్రంప్ కుర్సీలో లేకుంటే 30 కోట్ల కంపెనీని ఎవరైనా వేదికెక్కిస్తారా?

"పైసలొస్తే మనకేంది భాయ్" అంటారు దోస్తులు. సుంకం, వీసా నిర్ణయించే కలం, కంపెనీలో వాటా ఒకే జేబులో ఉన్నాయి. రేపు వాళ్లు జమీన్ అడిగితే మనవాళ్లు కాదనగలరా? 2017 నవంబరులో ఇవాంకా వచ్చినప్పుడు చూశాం. అప్పుడామె తండ్రికి సలహాదారు, తన పేరుతో బట్టల బ్రాండూ ఉంది. ఆమెకు ఫలక్‌నుమాలో దావత్. ఆమె రాకముందే బిచ్చగాళ్లను రోడ్ల మీంచి ఎత్తి చంచల్‌గూడ, చర్లపల్లి జైలు ఆవరణల్లోని ఆశ్రమాలకు చేర్చారు.

తప్పు అక్కడిదొక్కటే కాదు. పిలిచింది మనవాళ్లు. ఆ లక్ష కోట్ల ఒప్పందం కాగితం, అందులో జమీన్ ఎంత, రాయితీలేంటి, ప్రతి అక్షరం తెలుగులో, ఉర్దూలో బయటపెట్టండి.