నడిమి గడి

తిరుమల కల్యాణకట్టలో తల వంచి కూర్చున్న ఒక తల్లిని ఊహింపుడు. బిడ్డకు జబ్బు నయమైనచో తలనీలాలు ఇచ్చుకొందునని మ్రొక్కుకొనినది. బిడ్డ కోలుకొనెను, నేడు మ్రొక్కు తీరుచున్నది. ముఖమున తృప్తి కనబడుచున్నది. అయినను మొదటి పాయ నేలపై పడగనే కన్నులు చెమర్చినవి. భక్తి తక్కువై కాదు, జడ తనది గనుక.

ఆమె చేతికి మనస్తత్వ పరిశోధకుడొకడు ప్రశ్నపత్రము నిచ్చి, మిక్కిలి సంతోషము ఒక కొసను, మిక్కిలి దుఃఖము వేరొక కొసను గల ఏడు గడులలో ఒకదానియందు గుర్తు పెట్టుమనును. ఏ కొసకు పోయినను రెండవది అబద్ధమగును. ఆమె నడిమి గడిలో గుర్తు పెట్టును. వెంట వచ్చి, బస్సెప్పుడెక్కుదుమా యని గోడకు చేరబడిన మరిదియు నడిమి గడికే పోవును. పట్టికలో వదిన మనస్సు, మరిది మనస్సు ఒక్కటియే! ఒకచో రెండు భావములు నిండియున్నవి. వేరొకచో ఏమియు లేదు.

ఈ దోషము శాస్త్రజ్ఞులకు తెలియనిది కాదు. ఇట్టి ద్వైధమునకు 1910లో స్విట్జర్లాండు వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 'యాంబివలెన్స్' అని పేరు పెట్టెను; ఆయన దృష్టి ప్రధానముగా చిత్తవైకల్య రోగులపై నుండెను. 1972లో కాప్లాన్ అను పరిశోధకుడు కొలబద్దను నడిమికి విరిచెను: ఇష్టమును విడిగా, అయిష్టమును విడిగా అడుగవలెననెను. 1995లో థాంప్సన్, జాన్నా, గ్రిఫిన్ ఒక లెక్క చూపిరి. రెండంకెల సగటునుండి వాని భేదమును తీసివేయవలెను. తల్లి సంతోషము 6, దుఃఖము 6 అన్నచో ఫలితము 6. మరిది 1, 1 అన్నచో 1. కనీసము ఇద్దరును వేరువేరు మనుష్యులైరి.

అంతటితో వివాదము తీరలేదు. రెండు భావములు ఏకకాలమున నిలువవు, ఒకదాని వెంట ఒకటి త్వరత్వరగా వచ్చిపోవుననువారు కలరు. 2001లో లార్సెన్ మొదలగువారు పట్టభద్రోత్సవమునాటి విద్యార్థులను అడుగగా, సంతోషమును దుఃఖమును ఒక్కమారే కలవనినవారు సాధారణ దినములకంటె ఎక్కువగా తేలిరి. ఈ తగవు ఆలంకారికులకు క్రొత్తది కాదు. మమ్మటుడు పదునొకండవ శతాబ్దపు కావ్యప్రకాశమున, రెండు భావముల కలయికను భావసంధి యనియు, ఒకదానిపై నొకటి త్రోసికొని వచ్చుటను భావశబలత యనియు వేరుపరచెను. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954 నుండి కొండ క్రిందనే యున్నది. అచ్చటి సంస్కృత, మనస్తత్వ శాఖలవారు ఒక బల్లయొద్ద కూర్చున్నచో తెలుగు ప్రశ్నపత్రము బాగుపడును. ఆంగ్లపు ప్రశ్నలను మాటకు మాట తెలిగించుట కంటె అది మేలు.

ఇంకొక చిక్కు కలదు. అంకె పెద్దదైనంతమాత్రమున మనస్సు నలుగుచున్నదనరాదు. లెక్కకు వచ్చిన ద్వైధమును, మనిషి తానెరిగిన నలుగుబాటును పూర్తిగా పొసగవని ఆ పరిశోధనలే తెలిపినవి. కావున "ఈ రెంటి నడుమ మీ మనస్సు నలుగుచున్నదా?" అను మూడవ ప్రశ్నను విడువరాదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బండవేషము వేసి బూతులు తిట్టినవాడే, కడపట అమ్మవారి విశ్వరూపపు మట్టికై ఎగబడును. వానిని ఈ ప్రశ్న అడిగినచో నవ్వును. ఆ తల్లియు అంతే. 6, 6 అని చెప్పి, నలుగుట యెక్కడిదని, గుండునకు చందనము పూసికొని, బిడ్డ చేయి పట్టుకొని పుష్కరిణివైపు నడచును.